ముప్పదింట ఒకటి, నూటికి ముప్పది

2024వ సంవత్సరము మార్చి 1వ తేదీన గూగుల్ సంస్థ తన ప్లే స్టోరు నుండి కొన్ని భారతీయ సంస్థల యాప్‌లను తొలగించినది. వధూవరుల సంబంధములు వెదకిపెట్టు భారత్ మాట్రిమొనీ, షాదీ డాట్ కామ్ అందులో ఉన్నవి. ఉద్యోగముల వార్తలు తెలుపు నౌకరీ ఉన్నది. కథలను, పుస్తకములను చదివి వినిపించు కుకు ఎఫ్.ఎం. ఉన్నది. ఇవి చేసిన అపరాధము అశ్లీలము కాదు, మోసము కాదు, రాజద్రోహము అంతకంటెను కాదు. అంగడి యజమాని విధించిన కమీషను చెల్లింపలేదు, అంతే. అట్టి సంస్థలు పది ఉన్నవని గూగుల్ ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వము కల్పించుకొనినది. వారము తిరుగకముందే ఆ యాప్‌లు మరల యథాస్థానమునకు వచ్చినవి. కాని ఆ నాలుగైదు దినములలో ఒక సంగతి బయటపడినది. మన దేశమున నూటికి తొంబదికి పైగా స్మార్టు ఫోనులు ఆండ్రాయిడ్ ఫోనులే. ఆ ఫోనులు పట్టుకొని తిరుగు సామాన్యుని దృష్టిలో ప్లే స్టోరున లేని సరకు లోకమున లేనట్లే. కొడుకు పెండ్లికి సంబంధము వెదకు తండ్రికి గాని, కొలువు కొరకు ఎదురుచూచు పట్టభద్రునకు గాని ఈ తగవుతో నిమిత్తము లేదు. అయినను తలుపు మూతపడినది వారి ముఖముననే.

ఇంతకును ఆ కమీషను ఎంత? ఎప్పటినుండి వచ్చినది? ఆపిల్ సంస్థ తన యాప్ స్టోరును 2008 జూలై 10వ తేదీన తెరచినది. నాడు అందున్న యాప్‌లు 500. యాప్ తయారుచేసినవాడు తనకు తోచిన ధర పెట్టుకొనవచ్చును. వచ్చిన సొమ్ములో నూటికి 70 వానికి, 30 ఆపిల్‌కు. అదే సంవత్సరము వెలసిన గూగుల్ అంగడియు ఇదే పాలు పెట్టుకొనినది. ఈ 30 ఎవరో ఖర్చులు లెక్కగట్టి తేల్చిన అంకె కాదు. ఐట్యూన్స్ పేరిట పాటలమ్మునప్పుడు 99 సెంట్ల పాటలో ఆపిల్ ఉంచుకొనుచు వచ్చిన భాగము సుమారు ఇంతే. పాటలకొట్టు ఆచారమే యాప్‌ల కొట్టునకు వచ్చినది.

ఆనాడు దీనిని ఎవరును అన్యాయమనలేదు సరికదా, వరమనిరి. అంతకుముందు ఫోనులలో ఏదైన అమ్ముకొనవలెనన్నచో టెలిఫోను కంపెనీల దయ కావలెను. మన దేశముననే సినిమా పాటలను కాలర్ ట్యూనులుగా అమ్మిన రోజులలో వచ్చిన సొమ్ములో పెద్దపాలు టెలిఫోను కంపెనీలదే. పాట కట్టినవారికి, పాడినవారికి దక్కినది తక్కువ. అట్టి స్థితిలో నూటికి 70 చేతికి వచ్చుననగా సంతోషింపని వాడెవడు? ధరలును చౌక. ఒక డాలరు లోపుగా ఆట, ఒక డాలరు లోపుగా నిఘంటువు. వింతలును లేకపోలేదు. ఎఱ్ఱని రత్నపుబొమ్మను తెరపై చూపుట తప్ప మరేమియు చేయని ‘నేను ధనవంతుడను’ అను యాప్‌కు 2008 ఆగస్టులో 999.99 డాలర్లు ధర పెట్టగా, ఆపిల్ దానిని తొలగించులోపల ఎనిమిదిమంది కొనిరి. ధనవంతులకు కూడ అది తెలియజెప్పుకొను సాధనము కావలసివచ్చినది కాబోలు!

మార్పు 2009లో వచ్చినది. ఒకసారి యాప్ అమ్మి ఊరకుండుట కాక, యాప్ లోపల జరుగు కొనుగోళ్లకు కూడ అంగడి చెల్లింపు విధానమునే వాడవలెననియు, అందు ప్రతిదానికిని 30 వంతులు ఈయవలెననియు ఏర్పాటైనది. 2011లో పత్రికలు, సంగీతము, చలనచిత్రములు మొదలగువాని చందాలకును దీనిని విస్తరించిరి. ఇక్కడ పాఠకులు కొంచెము ఆగి ఆలోచింపవలెను. అంగడిలో కుండ కొన్నప్పుడు ఆ అమ్మకముపై కమీషను తీసికొనుట ఒకటి. ఆ కుండతో ఇంటిలో వండుకొన్న ప్రతి పూట అన్నముపై కమీషను తీసికొనుట వేరొకటి. మొదటిదానిని వర్తకమందురు. రెండవదానికి పేరు పెట్టుట కష్టము.

పోనీ, అన్నిటికిని ఒకటే నియమమా అన్నచో అదియు కాదు. ఫోనులో బియ్యము తెప్పించుకొన్న కమీషను లేదు. రైలు టిక్కెట్టు కొన్న లేదు. బాడుగ కారు పిలిచిన లేదు. చేతితో తాకదగిన వస్తువునకు, బయట జరుగు సేవకు మినహాయింపు. తెరపై చదువు పుస్తకమునకు, చెవితో విను పాటకు, కంటితో చూచు పాఠమునకు మాత్రము కమీషను. ఉపాధ్యాయులు గమనింపవలసిన విచిత్రము ఇందొకటి కలదు. ఆపిల్ నియమావళి ప్రకారము ఒక గురువు ఒక శిష్యునకు అప్పటికప్పుడు ఎదురుగా పాఠము చెప్పినచో, దానికి పుచ్చుకొను రుసుము అంగడి విధానము ద్వారా రానక్కరలేదు. అదే గురువు అదే పాఠమును పదిమందిని కూర్చుండబెట్టి చెప్పినచో ఆ సొమ్ము అంగడి ద్వారముగుండానే రావలెను, కమీషను పడును. పాఠము రికార్డు చేసి ఉంచినను అంతే. మారుమూల ఊరిలో గణితము చక్కగా చెప్పగలిగిన ఒక ఉపాధ్యాయిని తన పాఠములను నూరుమంది పేదపిల్లలకు చౌకగా అందింపదలచినచో ఆమెకు శుల్కము. ఒక్క ధనికుని బిడ్డకు ఎక్కువ రుసుముపై చెప్పినచో శుల్కము లేదు. ఈ నియమము వ్రాసినవారికి అట్టి ఉద్దేశము ఉండి ఉండదు. కాని ఉద్దేశముతో పనిలేకయే ఫలితము కనబడుచున్నది.

ఈ కమీషను ఎవరు మోయుచున్నారు? 2023 ఫిబ్రవరిలో ట్విట్టర్ సంస్థ మన దేశమున ‘బ్లూ’ చందా ప్రవేశపెట్టినది. కంప్యూటరులో వెబ్‌సైటు ద్వారా చెల్లించిన నెలకు 650 రూపాయలు. ఫోనులో యాప్ ద్వారా చెల్లించిన 900. సేవ ఒక్కటే, మనిషి ఒక్కడే. చెల్లించిన ద్వారము వేరు. పన్నుల సంగతి అటుంచి 900లో 30 వంతులు తీసి చూడుడు: 270 పోగా మిగులునది 630. లెక్కలు నేర్చిన విద్యార్థికి వేరుగ చెప్పనక్కరలేదు. 2014లో ఐరోపాలో స్పాటిఫై అను సంగీత సంస్థయు ఇట్లే చేసినది, వెబ్‌సైటులో 9.99 యూరోలకు లభించు చందాను ఐఫోనులో 12.99కు అమ్మినది.

ఇందు అసలు మర్మము ధరలో లేదు. ఆ ధర గుట్టుగా ఉండుటలో ఉన్నది. ‘ఇదే చందా మా వెబ్‌సైటులో చౌకగా దొరకును’ అని యాప్‌లో ఒక్క వాక్యము వ్రాయుటకు ఆపిల్ చాలకాలము సమ్మతింపలేదు. 2020 ఆగస్టులో ఫేస్‌బుక్ సంస్థ, చిన్న వ్యాపారులు నడుపు కార్యక్రమముల టిక్కెట్లపై 30 వంతులు ఆపిల్ తీసికొనుచున్నదని కొనువారికి తెలుపబూనగా, అది అనవసరమైన సమాచారమని ఆపిల్ ఆ యాప్ క్రొత్త ప్రతిని నిరాకరించినది. కొనువానికి తాను దేనికెంత ఇచ్చుచున్నాడో తెలియుట అనవసరమట! ఈ నిషేధముపై స్పాటిఫై 2019లో చేసిన ఫిర్యాదు ఫలితముగా 2024 మార్చి 4వ తేదీన ఐరోపా కమిషను ఆపిల్‌కు 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా విధించినది.

పుస్తకప్రియులకు ఈ చిక్కు ప్రత్యేకముగా తగిలినది. ఎలక్ట్రానిక్ పుస్తకముల వ్యాపారమున ప్రచురణకర్తకు 70, విక్రేతకు 30 అను పద్ధతి బాగుగా వాడుకలో ఉన్నది. విక్రేతకు వచ్చు ఆ 30ని అంగడి యజమాని తీసికొన్నచో విక్రేతకు మిగులునది సున్న. అందుచేతనే 2011 నుండి ఐఫోనులోని కిండిల్ యాప్‌లో పుస్తకములను చదువవచ్చునే గాని కొనుటకు వీలులేకపోయినది. కొనవలెనన్నచో యాప్ విడిచి వెబ్‌సైటునకు పోవలెను. ఆ త్రోవ ఎటో యాప్ చెప్పరాదు. గ్రంథాలయమున కూర్చుండి పుస్తకము తిరగవేయుచు, ‘ఇది ఎక్కడ దొరకును?’ అని అడిగినచో గ్రంథపాలకుడు నోటిపై వ్రేలుంచుకొన్నట్లు ఉండెడిది. 2022లో ఆండ్రాయిడ్ ఫోనులలోను కిండిల్ తన అమ్మకము మానుకొనినది. (2016లో కిండిల్ పుస్తకములను ఐదు భారతీయ భాషలలో వెలువరించినప్పుడు హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళములకు చోటు దొరకినది; తెలుగునకు దొరకలేదు. ఆ మాట వేరు. తలుపు వద్ద తగవు మాట అటుంచి, మనవారికి పంక్తిలో విస్తరియే వేయలేదు.)

అయినను రెండవ పక్షము వాదమును వినకుండుట న్యాయము కాదు. నూటికి 30 అను అంకె వినగానే ఉలికిపడువారు తెలుగు పుస్తక ప్రపంచమును ఒక్కసారి తలచుకొనవలెను. సొంతముగా పుస్తకము అచ్చువేయించుకొన్న రచయితను అడిగినచో, దుకాణదారునకు ముప్పది, నలువది వంతులు తగ్గింపు ఇచ్చిన సంగతి అతడు నిట్టూర్చుచు చెప్పును. దుకాణమునకు అద్దె ఉన్నది, బీరువా ఉన్నది, గుమాస్తా ఉన్నాడు. యాప్ అంగడికిని ఖర్చులు లేకపోలేదు. కోట్ల ఫోనులకు యాప్‌లను చేరవేయవలెను; దొంగ యాప్‌లను ఏరివేయవలెను; మోసపోయినవారికి సొమ్ము తిరిగి ఈయవలెను. ఉచిత యాప్‌లను పెట్టుకొన్నవారు స్వల్ప రుసుము తప్ప కమీషను చెల్లింపరు. ఆ భారమంతయు డిజిటల్ సరకు అమ్ముకొనువారే మోయుచున్నారు. 2021 నుండి సాలునకు 10 లక్షల డాలర్లకు లోబడి సంపాదించు చిన్నవారికి ఆపిల్ కమీషనును 15కు తగ్గించినది. గూగుల్ మొదటి 10 లక్షల డాలర్లపై అట్లే తగ్గించినది. తెలుగున యాప్‌లు చేయువారిలో పెక్కుమంది ఈ 15 కోవకే చెందుదురు.

కాని రచయితకు, పుస్తక దుకాణదారునకు నడుమ లేని నిర్బంధము ఇక్కడ ఒకటి ఉన్నది. రచయిత తన పుస్తకమును సభలో తానే అమ్ముకొనవచ్చును, స్నేహితులకు వి.పి.పి.లో పంపవచ్చును, ఎదురు దుకాణములో తక్కువ తగ్గింపునకు పెట్టవచ్చును. పుస్తకము చివరి అట్టపై తన చిరునామా అచ్చువేసికొన్నచో ఏ దుకాణదారుడును దానిపై మసి పూయడు. తగ్గింపు ఎక్కువైన వేరొకచోటికి పోగల స్వేచ్ఛయే ఆ తగ్గింపును అదుపులో ఉంచుచున్నది. ఆపిల్ అంగడిలో లాభము నూటికి 75కు మించి ఉన్నదని అమెరికా న్యాయస్థానమున సాక్ష్యము వచ్చినది. యాప్ స్టోరును పర్యవేక్షించు ఫిల్ షిల్లర్ అను ఆపిల్ అధికారి 2011లోనే, లాభము వంద కోట్ల డాలర్లు దాటిన పిదప కమీషనును 25కో 20కో తగ్గింపరాదా అని లోపల ప్రతిపాదించినట్లును ఆ విచారణలోనే బయటపడినది. పోటీ ఉన్నచోట అట్టి ప్రతిపాదన పదేండ్లు కాగితముననే ఉండిపోదు.

ఈ సందర్భమున తెలుగు దేశ చరిత్రలోని ఒక శాసనము జ్ఞాపకము వచ్చుట సహజము. బాపట్ల ప్రాంతపు సముద్రతీరమున మోటుపల్లి రేవు కలదు. క్రీ. శ. 1244లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి అక్కడ ఒక అభయశాసనము వేయించెను. పూర్వరాజులు తుఫానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకులను బలాత్కారముగా లాగికొనుచుండగా, అతడు ఆ పద్ధతిని విడిచి, నియత శుల్కము తప్ప మరేమియు పుచ్చుకొనమని సముద్రవర్తకులకు అభయమిచ్చెను. ఎగుమతి దిగుమతులపై అతడు నిర్ణయించిన శుల్కము ముప్పదింట ఒకటి. అనగా నూటికి మూడున్నరకు లోపల. రేవు కట్టుట, కాపలా పెట్టుట, దొంగలను పట్టుట రాజునకును తప్పనివే. పైగా ఆ శుల్కమును రాతిపై చెక్కించి రేవున నిలిపెను. వచ్చు వర్తకుడెల్ల చదువుకొనవచ్చును. పదమూడవ శతాబ్దపు సుంకమును నేటి కంపెనీ కమీషనుతో నేరుగా పోల్చుట చరిత్రకారులకు నచ్చకపోవచ్చును. పోలిక అంకెలలో కంటె పరిస్థితిలో ఉన్నది. మోటుపల్లిలో శుల్కము హెచ్చినచో ఓడ వేరొక రేవునకు పోవును. గణపతిదేవుడు ఆ సంగతి తెలిసినవాడు. గాలివాటమునకు కొట్టుకొనివచ్చిన ఓడకు మాత్రము వేరు రేవు లేదు. ఆ ఓడ విషయముననే అభయము కావలసివచ్చినది. ఐఫోను కొన్నవాడు అట్టి ఓడవంటివాడు.

ఈ వాదమును న్యాయస్థానము వరకు లాగినది ఎపిక్ గేమ్స్ అను ఆటల సంస్థ. 2020 ఆగస్టు 13వ తేదీన అది తన ఫోర్ట్‌నైట్ ఆటలో రెండు ధరలు ప్రక్కప్రక్కన పెట్టినది: అంగడి ద్వారా 9.99 డాలర్లు, నేరుగా 7.99. ఆనాడే ఆపిల్, గూగుల్ రెండును ఆ ఆటను తొలగించినవి. ఆనాడే ఎపిక్ దావాలు వేసినది. 2021 సెప్టెంబరులో న్యాయమూర్తి ఈవాన్ గొంజాలెజ్ రోజర్స్ ఆపిల్ విషయమున తీర్పు చెప్పుచు పది అంశములలో తొమ్మిదింట ఆపిల్ పక్షమే వహించెను. కమీషను తీసికొనుట తప్పనలేదు. వేరుత్రోవ ఉన్నదని కొనువారికి చెప్పనీయకుండుట మాత్రము తప్పనెను. 2024 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు జోక్యము చేసికొనుటకు నిరాకరించినది. అంతట ఆపిల్ వేరుత్రోవ చూపనిచ్చినది. కాని ఆ త్రోవన పోయి కొన్నవానిపై 27 వంతులు విధించినది! బయట సొమ్ము వసూలు చేయుటకగు ఖర్చు కలుపుకొన్నచో 30 తప్పించుకొన్నవానికి మిగులునది ఏమియు లేదు. షిల్లర్ ఇది వలదని చెప్పినను సంస్థలో చెల్లలేదని పిమ్మట తేలినది. 2025 ఏప్రిల్ 30వ తేదీన అదే న్యాయమూర్తి, ఇది బుద్ధిపూర్వకమైన ఆజ్ఞోల్లంఘనమనియు, బయటి కొనుగోళ్లపై ఏమియు పుచ్చుకొనరాదనియు ఉత్తర్వు చేసెను. తరువాతి నెలలోనే అమెరికాలోని ఐఫోనులలో కిండిల్ యాప్ పుస్తకము కొనుటకు త్రోవ చూపు మీటను పెట్టినది. పదునాలుగేండ్ల మౌనము వీడినది. ఆపిల్ అప్పీలునకు పోయినది.

మరి కమీషను తగ్గినచో ధరలు తగ్గునా? ఇక్కడ తొందరపడి సంతోషించువారు కొన్ని సంగతులు గమనింపవలెను. స్పాటిఫై 2016లోనే ఆపిల్ ద్వారా క్రొత్త చందాలు తీసికొనుట మానినది. అనగా కమీషను బెడద తప్పించుకొనినది. అయినను అమెరికాలో దాని చందా 9.99 డాలర్ల నుండి 2023లో 10.99కు, 2024లో 11.99కు పెరిగినది. నెట్‌ఫ్లిక్స్ కథయు ఇట్టిదే. వేరొక ప్రక్క, 2017 జనవరిలో మన దేశపు యాప్ స్టోరున కనిష్ఠపు ధర 60 రూపాయల నుండి 80కు పెరిగినది; దానికి కారణము సేవాపన్ను. 2022 అక్టోబరులో యూరో దేశములలో 0.99 నుండి 1.19కి, జపానులో 120 యెన్ల నుండి 160కి పెరిగినది. ఆనాడు డాలరు బలపడి తక్కిన నాణెములు చిక్కినవి. కనుక ధరలు పెరుగుటకెల్ల కమీషనే కారణమనుట ఎంత పొరపాటో, కమీషనునకును ధరకును సంబంధమే లేదనుట అంత పొరపాటు. కమీషను తగ్గగా మిగిలిన సొమ్మును పెద్ద సంస్థలు తమ జేబున వేసికొనవచ్చును. పోటీలో నిలువవలసిన చిన్నవారు ధర తగ్గింపవచ్చును. లాభము లేక యాప్ మూసివేయదలచినవాడు మరి రెండేండ్లు నడుపవచ్చును. ఈ మూడవది ఏ ధరల పట్టికలోను కనబడదు. చిన్న భాషల నిఘంటువులకు, పిల్లల పాఠములకు ముఖ్యమైనది అదియే.

మన దేశమున భారత పోటీ కమిషను 2022 అక్టోబరు 25వ తేదీన, ప్లే స్టోరున తన చెల్లింపు విధానమునే వాడవలెనని నిర్బంధించుట తప్పని గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసినది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు తప్పును కొంతవరకు స్థిరపరచి జరిమానాను 216.69 కోట్లకు తగ్గించినది. వ్యవహారము సుప్రీంకోర్టు మెట్లెక్కినది. జరిమానా కంటె ముఖ్యమైనది, కమిషను ఆజ్ఞకు గూగుల్ ఇచ్చిన సమాధానము. ఎవరైన తమ సొంత చెల్లింపు విధానమును పెట్టుకొనవచ్చును. అట్లు చేసినచో కమీషనులో 4 వంతులు తగ్గింతుమనిరి. అనగా 30కి 26, 15కి 11. మన దేశమున యు.పి.ఐ. ద్వారా సొమ్ము పుచ్చుకొను వ్యాపారి 2020 జనవరి నుండి బ్యాంకునకు ఏమియు చెల్లింపనక్కరలేదు. వీథి చివర కొబ్బరిబోండములమ్మువాడు సైతము రూపాయి కోతలేక అందుకొనుచున్నాడు. సొమ్ము చేతులు మారుటకు ఖర్చు సున్న అయినచోట, ఇంకను నిలిచియున్న ఆ 26 వంతులు దేనికి? సొమ్ము వసూలుచేసి పెట్టినందుకు కాదని గూగుల్ తానే చెప్పినట్లయినది. అంగడికి, ఆండ్రాయిడ్‌కు, ప్రచారమునకు అని వారి మాట. అది నిజమే కావచ్చును. అట్లయినచో అందు దేనికెంతయో విడదీసి చూపవలసి ఉన్నది. అది ఇంతవరకు జరుగలేదు.

దక్షిణ కొరియా 2021లోనే, అంగళ్లు తమ చెల్లింపు విధానమునే వాడుడని నిర్బంధింపరాదని చట్టము చేసినది. ఐరోపా నియమములు 2024 మార్చి 7 నుండి అమలులోనికి వచ్చినవి. జపాను 2024 జూనులో చట్టము చేసినది. మన దేశమున కేంద్ర ప్రభుత్వపు సంఘమొకటి 2024 మార్చిలో డిజిటల్ పోటీ చట్టమునకు ముసాయిదాను వెలువరించినది. అది భారత్ మాట్రిమొనీ తగవు జరిగిన పదిదినముల తరువాతి సంగతి. ఆ తరువాత సంస్థలు తమ వాదములను, దేశీయ వ్యాపారులు తమ వాదములను ప్రభుత్వమునకు సమర్పించిరి. ప్రతి వాదములోను ‘వినియోగదారుడు’ అను మాట కనబడుచునే ఉన్నది. ఇంటిలో ఫోను తెరచి నెలకు 100 రూపాయలకు పిల్లవానికి గణితపాఠము కొన్న తండ్రికి, ఆ నూటిలో పాఠము చెప్పిన పంతులమ్మకు 85 చేరినవో, 74 చేరినవో, 70 చేరినవో నేటికిని ఏ రసీదులోను కనబడుట లేదు.